అద్భుత కథావిమర్శ: ప్రారంభ పాఠకులకు గ్రంథ నిర్ణయము

కావ్యమును చదువకమున్నే కావ్యముపై తీర్పును చదువు అలవాటు విద్యార్థిలోకమున ప్రబలియున్నది. అద్భుత కథల విషయమున నిది మఱింత హానికరము. కథలోని రహస్యము ముందే తెలిసినచో విస్మయమునకు తావుండదు. విస్మయము లేనిచో విమర్శకుడు దేనిని వివరించుచున్నాడో పాఠకునకు బోధపడదు. కావున ప్రారంభ పాఠకునకు ఎట్టి విమర్శను ఏ క్రమమున ఈయవలెనను ప్రశ్నను ఇందు పరిశీలింతము.

తాడేపల్లి మొదలు తెనాలి వఱకు గల ఈ ప్రాంతపు విద్యార్థులకు అద్భుత కథ క్రొత్తది కాదు. పత్తి, మిరప చేల నడుమ పెరిగినవారు సైతము మాయల మరాఠి ప్రాణము చిలుకలో నుండుట నెఱుగుదురు. 1947లో వెలువడిన 'చందమామ'కు 1952 నుండి 1980 వఱకు సంపాదకత్వ భారము వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారు తెనాలివారే. హేతువాదియైన ఆ రచయిత రాక్షసుల కథలను, మాంత్రికుల కథలను అంతకాలము తీర్చిదిద్దుట గమనింపదగినది. అద్భుతమును ఆస్వాదించుట వేఱు, దానిని యథార్థమని నమ్ముట వేఱు. విద్యార్థికి మొదట చెప్పవలసినది ఈ భేదమే.

విమర్శను పరీక్షించుటకు ఒరగల్లుగా పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను గ్రహింతము. ఇది 16వ శతాబ్దికి చెందిన కల్పిత కథాకావ్యము. ఇందు బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమిపై యథార్థమగును. రూపములు మారుటచే ఇరువురు రంభలు ఎదురుపడుదురు. కలభాషిణి మధురలాలసగా మరల జన్మించి, శైశవముననే పూర్వవృత్తాంతమును వెల్లడించును. ముడులన్నియు విడుటకు పాఠకుడు చాలదూరము వేచియుండవలెను.

దీనిని చదివిన పిదప మొదట ఈయదగినది కట్టమంచి రామలింగారెడ్డిగారి 'కవిత్వతత్త్వ విచారము' (1914). అది కథాసంవిధానమును, పాత్రపోషణమును, భావనాశక్తిని ప్రత్యక్షముగా కావ్యముపై నిలిపి విచారించును. తీర్పు వెంట హేతువు నిచ్చును. హేతువు కలదు గనుక విద్యార్థి దానితో విభేదింపనూ వచ్చును. ప్రారంభ పాఠకునకు కావలసిన గుణమిదే. ఆ గ్రంథపు కొలతలు కొన్ని ఆంగ్ల విమర్శనుండి వచ్చినవని ఉపాధ్యాయుడు తెలుపవలెను.

రెండవది భరతుని నాట్యశాస్త్రమందలి అద్భుతరస ప్రకరణము. విస్మయము దీనికి స్థాయి. దివ్యదర్శనము, మాయ, ఇంద్రజాలము మున్నగునవి విభావములు. అంతకంటె ముఖ్యమైనది, రూపకమున నిర్వహణసంధియందు అద్భుతమును నిలుపవలెనను విధి. దీనిని సూరన కావ్యమునకు అన్వయించినచో మేలైన ఫలితము కలుగును. శిశువు పలుకుట ఒక్కటే అచట అద్భుతము కాదు. ఆ పలుకులచే చెదరిన కథాంశములన్నియు ఒక్కటగుట అంతకు మించిన అద్భుతము. మాయల పట్టికను వ్రాసి అద్భుతరసమును నిరూపించితినని భావించు పరిశోధకునకు ఈ ఒక్క సూత్రము చాలును.

పాశ్చాత్య గ్రంథములను పిదప ఈయవలెను. ప్రాప్ 1928లో రష్యన్ కథలనుండి 31 కథాక్రియలను నిర్ణయించెను. ఈ పద్ధతి 'పాతాళభైరవి' (1951) వంటి సాహసకథకు చక్కగా అమరును; కథలో కథ పొదిగిన కళాపూర్ణోదయమునకు అంతగా అమరదు. టోల్కీన్ 1939నాటి ప్రసంగమున కల్పితలోకమునకు దాని నియమములే ప్రమాణమని నిరూపించెను, ఇది సుబోధము. తొదొరోవ్ (1970) పాఠకుని సందేహమును అద్భుతమునకు లక్షణముగా నిలిపెను. సూరన పాఠకునకు దివ్యశక్తులపై సందేహము లేదు. ఎవరు ఎవరను సందేహమే కలదు. ఈ భేదము తెలియక తొదొరోవును మొదట చదివినవాడు మన కావ్యమును ఒక వర్గమున చేర్చి అంతటితో విరమించును.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు 2002లో ఈ కావ్యమును ఆంగ్లీకరించి, దాని నవలాలక్షణమును చర్చించిరి. నవల యననేమో తెలిసినవారికే ఆ చర్చ ఫలించును గాన దానిని చివర నుంచుట యుక్తము.

ఇట్లు మూలము, దానికి సన్నిహితమైన విమర్శ, రసశాస్త్రము, అన్యదేశ సిద్ధాంతము అను క్రమము ఏర్పడినది. ప్రతి మెట్టునందును విమర్శకుని ఒక్క వాక్యమును గైకొని, మూలమందలి ఒక ఘట్టముతో సరిచూచి, అది నిలిచినదో లేదో విద్యార్థిచే వ్రాయింపవలెను. నిలువని చోట నిలువలేదని వ్రాయుటకు వానికి స్వేచ్ఛ నీయవలెను. పరిశోధన అచటనే ఆరంభమగును.