మనసు కుదుటపడాలంటే కాళ్ళు కదలాలా?

మన వాళ్ళు నలుగురు కలిసిన చోట కొలెస్టరాల్ ఎంత, షుగర్ ఎంత అన్న లెక్కలు పులిహోర వడ్డించినంత ధారాళంగా చెప్పుకుంటారు. మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదనీ, ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటోందనీ మాత్రం ఎవరూ చెప్పరు. చెప్తే "నాకేమైనా పిచ్చా?" అన్న ప్రశ్న ఎదురవుతుందని జంకు. కారణాలు లేక కాదు. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకొకటి చూసుకోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. 2020, 2021 సంవత్సరాల్లో తండ్రి దహన సంస్కారాన్ని ఫోన్ తెర మీద చూసినవాళ్ళు మనలో ఉన్నారు. కారు ప్రమాదంలోంచి ఒంటి మీద గీత లేకుండా బయటపడి, మళ్ళీ ఆ రోడ్డెక్కలేనివాళ్ళూ ఉన్నారు.

ఇలాంటివాళ్ళకి మనం ఉచితంగా ఇచ్చే సలహా ఒకటుంది: "కాస్త వాకింగ్ చెయ్యండి, అదే సర్దుకుంటుంది." ఈ మాటలో నిజం ఎంత, అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పనిచెయ్యదు అన్నది చూద్దాం. టెక్నాలజీ శీర్షికలో ఈ గోలేమిటంటారా? మీ మణికట్టు మీద ఉన్న గడియారం మీ "స్ట్రెస్" ఎంతో అంకె వేసి చెప్తోంది కదా, దాని సంగతి కూడా వస్తుంది.

ముందు లెక్కలు. నార్త్ కెరొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్లూమెంథాల్ బృందం 1999లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. డిప్రెషన్ తో బాధపడుతున్న 156 మందిని తీసుకున్నారు, అందరూ యాభై దాటినవాళ్ళే. వాళ్ళని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి సెర్ట్రలీన్ మాత్రలు. రెండో జట్టుకి వారానికి మూడు సార్లు, ఒక్కోసారి అరగంట, గుండె వేగం పెరిగేలా చురుకైన నడకో పరుగో. మూడో జట్టుకి రెండూ. మొదట్లో మాత్రలే తొందరగా పనిచేశాయి. పదహారు వారాలయ్యేసరికి మూడు జట్లలోనూ 60 నుంచి 70 శాతం మంది తేరుకున్నారు, జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

అసలు విశేషం ఆ తర్వాత ఆరు నెలలకి బయటపడింది. తేరుకున్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టింది ఎంతమందికి అని చూస్తే, మాత్రల జట్టులో 38 శాతం, రెండూ చేసిన జట్టులో 31 శాతం, వట్టి వ్యాయామం జట్టులో 8 శాతం! రెండూ కలిస్తే ఇంకా మేలు జరగాలి కదా? పరిశోధకులు ఒక ఊహ చేశారు. మాత్ర కూడా వేసుకున్నవాళ్ళు "మందు వల్ల తగ్గింది" అనుకుని ఉంటారు. వట్టి నడక నడిచినవాళ్ళు "నేనే తగ్గించుకున్నాను" అనుకుని ఉంటారు. ఇది ఊహే, కానీ నాకు నచ్చిన ఊహ.

ఇక్కడ మన ప్రోగ్రామర్ బుర్రకి తట్టాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన జట్టు ఏదీ? మొదటి ప్రయోగంలో అది లేదు. అదే బృందం 2007లో 202 మందితో ఆ లోటు తీర్చింది. నాలుగు నెలల తర్వాత తేరుకున్నవాళ్ళు: మాత్రలతో 47 శాతం, పదిమందితో కలిసి చేసిన వ్యాయామంతో 45, ఇంట్లో ఒంటరిగా చేసిన వ్యాయామంతో 40, ఉత్తుత్తి మాత్రతో 31. అంటే కొంతమందికి కాలమూ, ఆశా, పట్టించుకునే డాక్టరూ కూడా మందే. దాన్ని తీసేసినా వ్యాయామానికి కొంత మిగులుతుంది. అద్భుతం కాదు, అలాగని తీసిపారెయ్యదగ్గదీ కాదు.

ఎందుకు మిగులుతుంది? "ఎండార్ఫిన్లు" అని అందరూ ఠక్కున చెప్పేస్తారు. పరుగెత్తితే రక్తంలో ఎండార్ఫిన్లు పెరిగే మాట నిజమే గానీ, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న కట్టుదిట్టమైన వడపోతని అవి అంత సులువుగా దాటలేవు. 2021లో ప్రచురించిన ఒక జర్మన్ ప్రయోగంలో ఎండార్ఫిన్ల పని సాగకుండా మందుతో అడ్డుకుని మనుషులని పరిగెత్తించారు. అయినా హుషారు వచ్చింది. గంజాయిలోని పదార్థానికి చుట్టాల్లాంటివి కొన్నిటిని మన శరీరమే తయారు చేసుకుంటుంది, ఇప్పుడు అనుమానం వాటి మీద ఉంది. ఏ రసాయనమైనా ఆ హుషారు గంటో రెండు గంటలో ఉంటుంది. నెలల తరబడి నిలిచే మార్పుకి అది చాలదు.

ట్రామా విషయంలో ఇంకో దారి ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యమైనది. ప్రొడక్షన్ సర్వర్ ఒకసారి ఘోరంగా కూలిపోయాక ఏం చేస్తాం? భయంతో అలర్ట్ హద్దుని బాగా కిందకి దించేస్తాం. ఇక ప్రతి రాత్రీ రెండింటికి ఆన్-కాల్ ఫోన్ మోగుతుంది. లేచి చూస్తే ఏమీ ఉండదు. పెద్ద ప్రమాదమో, దాడో, చావో చూసిన మనిషి మెదడులో జరిగేది కూడా దాదాపు ఇదే. అమిగ్డలా అనే బాదంగింజ ఆకారపు భాగం ప్రతి చిన్న చప్పుడుకీ గంట కొడుతుంది. గుండె దడ, చెమట, ఊపిరాడకపోవడం. కొన్నాళ్ళకి తిరకాసు ఏమిటంటే, ఆ గుండె దడే కొత్త ప్రమాద సూచిక అయి కూర్చుంటుంది. మెట్లెక్కినా దడే, దడ వస్తే భయం, భయం వస్తే ఇంకా దడ.

ఇప్పుడు ఆ మనిషి ట్రెడ్ మిల్ ఎక్కాడనుకోండి. గుండె కొట్టుకుంటుంది, చెమట పడుతుంది, ఆయాసం వస్తుంది. ప్రమాదం మాత్రం రాదు. దిగాక పది నిమిషాల్లో అన్నీ సర్దుకుంటాయి. ఇది పదే పదే జరిగితే "దడ అంటే చావు కాదు" అని శరీరానికి తెలిసివస్తుంది. మాటలతో చెప్తే వినని పాఠం అది. ఇలాంటి భయం ఎక్కువగా ఉన్నవాళ్ళ చేత ఇరవయ్యేసి నిమిషాల చొప్పున ఆరుసార్లు ట్రెడ్ మిల్ మీద వ్యాయామం చేయిస్తే ఆ భయం తగ్గిందని 2004లోనే ఒక అధ్యయనం వచ్చింది.

అయితే ఇదే కత్తికి రెండో వైపు పదును ఉంది. మొదటి రోజే ఒళ్ళు హూనమయ్యేలా పరిగెత్తితే, ఆ దడే పాత సంఘటనని కళ్ళ ముందుకి లాక్కురావచ్చు. బోస్టన్ మనోవైద్యుడు బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గమనించదగ్గది. మామూలు వైద్యాలకి లొంగని పి.టి.ఎస్.డి. ఉన్న 64 మంది స్త్రీలు. సగం మందికి వారానికి ఒక గంట చొప్పున పది వారాలు యోగా, మిగతావాళ్ళకి ఆరోగ్యం మీద తరగతులు. చివరికి యోగా జట్టులో 52 శాతం మంది ఆ జబ్బు హద్దుల్లోంచి బయటపడ్డారు, రెండో జట్టులో 21 శాతం. ఈ యోగా మన డ్రిల్లు మేష్టారి పద్ధతి కాదు. "చెయ్యి పైకెత్తు" అని ఆజ్ఞ ఉండదు, "మీకు సౌకర్యంగా ఉంటే ఎత్తి చూడండి" అంటారు. తన ఇష్టానికి విరుద్ధంగా శరీరానికి ఏదో జరిగిపోయిన మనిషికి, ఈ క్షణాన ఈ చేతిని ఎత్తాలో వద్దో తేల్చుకోవడమే చికిత్సలో సగం.

ఆటల్లో ఇంకొకటి అదనంగా ఉంది. లుడ్విగ్ గుట్మన్ అనే డాక్టరు నాజీల బారినుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండు చేరాడు. యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులకి స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వైద్యం చేస్తూ ఆటలని కాలక్షేపంగా కాక వైద్యంలో భాగం చేశాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్ కి మొలక అదే. మంచాన పడి ఉన్న మనిషికి "రేపు నువ్వు జట్టులో ఉన్నావు" అన్న మాట ఇచ్చే బలం వేరు. మన ఆదివారం క్రికెట్ లోనూ అది ఉంది. జిమ్ కి వెళ్ళకపోతే అడిగేవాడు లేడు గానీ, పదకొండోవాడు రాకపోతే ఏడింటికల్లా నాలుగు ఫోన్లు వస్తాయి.

ఇక గడియారం. అది ఆకుపచ్చ కాంతిని చర్మం మీదకి పంపి, తిరిగొచ్చే వెలుతురులో హెచ్చుతగ్గులని బట్టి నాడి లెక్కకడుతుంది. ఒక స్పందనకీ మరో స్పందనకీ మధ్య వ్యవధి ఎంత మారుతోందో చూసి "స్ట్రెస్" అంకె వేస్తుంది. కాఫీ తాగినా, జ్వరం వచ్చినా, పాప రాత్రంతా ఏడ్చినా ఆ అంకె మారుతుంది. మీరు దిగులుగా ఉన్నారో, మ్యాచ్ చివరి ఓవర్లో ఉన్నారో దానికి తెలియదు. రోజుకి పదివేల అడుగులన్న లక్ష్యం కూడా ఏ వైద్యుడూ నిర్ణయించింది కాదు, 1965లో జపాన్ లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. కుంగిపోయి ఉన్న మనిషికి "ఈరోజు 3,200 మాత్రమే" అని చెప్పే గడియారం ఇంకో మేనేజరు లాంటిది. కొన్నాళ్ళు సొరుగులో పడేస్తే నష్టమేమీ లేదు. పది నిమిషాలు నడిచి ఇంటికి వచ్చారా అన్నది చాలు.

మందులు వాడుతున్నవాళ్ళు ఇది చదివి వాటిని మానెయ్యకూడదు. డాక్టరుతో మాట్లాడకుండా హఠాత్తుగా ఆపడం ప్రమాదం. డిప్రెషన్ బాగా ముదిరినవాళ్ళకి మంచం దిగడమే కొండ ఎక్కినంత పని. వాళ్ళకి "జిమ్ కి పో" అని చెప్పడం కాలు విరిగినవాడిని పరిగెత్తమనడమే. వెళ్ళి తలుపు తట్టి, చెప్పులు వేసుకునేదాకా ఆగి, పక్కన నడవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందని ఎవరైనా అంటే నడక సలహా అసలు ఇవ్వకండి. అమెరికాలో 988కి ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ కూడా పంపొచ్చు. బ్రిటన్ లో 116 123. ఇండియాలో ఉన్న మన వాళ్ళకైతే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.