మోకాళ్ళ నొప్పి: ఆపరేషనుకు ముందు చేయవలసిన పనులు



సార్వా ఊడ్పులు ముగిసేసరికి మన డెల్టా గ్రామాలలో ఏ అరుగు మీద విన్నా ఒకటే మాట: "మోకాళ్ళు పట్టేశాయండి." బురదలో దిగి నాట్లు వేసే ఆడవారు, గొంతుక్కూర్చుని కలుపు తీసేవారు, కోనసీమలో పొద్దస్తమానం చెట్లెక్కే కొబ్బరి దింపువారు, వీరందరి బ్రతుకుతెరువూ ఆ రెండు కీళ్ళ మీదనే ఉన్నది. పైరుకు తెగులు తగిలితే మా దగ్గరకు పరుగెత్తుకొని వస్తారు గదా! మరి ఒంటికి తగిలిన తెగులును ఏళ్ళ తరబడి ఓర్చుకుంటారేమి? నేను వ్యవసాయశాఖ మనిషినే గాని వైద్యుణ్ణి కాను. డాక్టర్లను అడిగి తెలుసుకొన్న సంగతులే మీకు మనవి చేస్తున్నాను.

మోకాటిలో ఎముకల కొసలను నున్నని పొర ఒకటి కప్పి ఉంటుంది. దానిని మృదులాస్థి అంటారు. నడుమ జిగట ద్రవం ఉంటుంది. బండి ఇరుసుకు కందెన ఎట్లాగో కీలుకు అది అట్లాగు. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, మోకాళ్ళు మడిచి ఏళ్ళ తరబడి చేసే పని, వీటివల్ల ఆ పొర పలుచబడి గరుకెక్కుతుంది. ఇది మన ఒక్కరి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఈ మోకాలి జబ్బు ఉన్నవారు సుమారు 36.5 కోట్ల మంది.

ఆ పొరకు రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడే ద్రవం పొరలోనికి ఇంకి దానికి పోషణ అందుతుంది. కాబట్టి "అరిగిపోయింది, కదపరాదు" అని మంచం పట్టడం పొరపాటు. నీరు పారని బోదె పూడిపోయినట్లే, కదలని కీలు బిగిసిపోతుంది.

ఊడ్పుల ముఠా నడిపే ఒక పిన్నిగారు నన్ను నిలదీశారు: "పని చేసి చేసి అరిగిన కాలికి మళ్ళీ కసరత్తా బాబుగారూ?" న్యాయమైన ప్రశ్నే. బురదలో వంగి చేసే పని కీలును నలుపుతుంది. కసరత్తు తొడ కండకు బలమిస్తుంది. గట్టు గట్టిగా ఉంటే చేను నిలుస్తుంది. తొడ కండ గట్టిగా ఉంటే కీలు మీద భారం తగ్గుతుంది.

చేయవలసిన విధం ఇది. కుర్చీలో కూర్చుని ఒక కాలు చాపి, అయిదు అంకెలు లెక్కపెట్టే వరకు నిలిపి, మెల్లగా దింపండి. రెండవది: పడుకొని, మోకాలి క్రింద చుట్టిన తుండుగుడ్డ పెట్టి, దానిని క్రిందికి అదిమి అయిదు లెక్కపెట్టండి. ఒక్కొక్క కాలికి పదేసి సార్లు, ఉదయం, సాయంత్రం చేయవలెను. కొద్దిపాటి నొప్పికి భయపడవద్దు. మర్నాటికి కూడా నొప్పి హెచ్చుగానే ఉంటే కసరత్తు తగ్గించండి. నారు పోసిన మర్నాడే వెన్ను తీయదు గదా! రెండు నెలలైనా ఓపిక పట్టవలెను.

బరువు సంగతి. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోను మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో తేలినది. అయిదు కిలోలు తగ్గితే అడుగడుగునా ఇరవై కిలోలు దించినట్లే. లావుగా ఉన్నవారు అన్నం కొంత తగ్గించి, కూర, పప్పు పెంచండి.

పనిలోనూ మార్పు కావాలి. కలుపు తీతకు నిలబడి త్రోసే వీడరు వాడండి. డ్రమ్ సీడరుతో విత్తితే ఊడ్పే ఉండదు. అయితే ఊడ్పు కూలే ఆధారమైన వారి సంగతి ఏమిటంటారా? ముఠాలో పని మార్చుకోండి. ఒక పూట నాటినవారు ఇంకొక పూట కట్టలు అందించవచ్చును. ఇంట్లో నేల మీద గాక ఎత్తు పీట మీద కూర్చోండి. ఒక మోకాలే నొప్పిగా ఉంటే చేతికర్రను రెండవ వైపు చేతితో పట్టుకోండి. చాలామంది దీనిని తారుమారు చేస్తారు.

మందులలో ముందుగా పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ వాడి చూడవచ్చును. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పనిదే రోజూ మ్రింగరాదు. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రక్తపోటు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. ఏమి కలిపారో తెలియని పొడులు, "ఒక్క ఇంజక్షనుతో మాయం" అనే మాటలు నమ్మకండి. పేరు లేని పురుగుమందు చేనుకు కొట్టరు గదా!

మోకాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, పడిన తరువాత కాలు మోపలేకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి. ఇవన్నీ శ్రద్ధగా చేసినా నడక సాగక, రాత్రి నిద్ర పట్టనివారికి ఆపరేషను ఉండనే ఉన్నది. దానికి భయపడనూ వద్దు, తొందరపడనూ వద్దు.

వచ్చే దాళ్వాకు ఇంకా వ్యవధి ఉన్నది. కసరత్తు ఈ రోజే మొదలుపెట్టండి. ఆకుమడి సిద్ధమయ్యేనాటికి మీ కాళ్ళూ సిద్ధంగా ఉంటాయి. సెలవు.