జబ్బకు తగిన పట్టీ

రక్తపోటు యంత్రం చూపే సంఖ్య నేరుగా రక్తనాళంలో కొలిచినది కాదు. భుజానికీ మోచేతికీ మధ్య జబ్బకు చుట్టిన పట్టీలో ఆ క్షణాన ఉన్న గాలి పీడనం మాత్రమే. పట్టీ లోపలి రబ్బరు తిత్తిని గాలితో నింపినప్పుడు అది జబ్బను చుట్టూ బిగించి, ఎముక పక్కగా సాగే ప్రధాన ధమనిని నొక్కి మూసివేస్తుంది. ఆ తర్వాత గాలిని మెల్లగా వదులుతూ పోతే, గుండె ముడుచుకున్నప్పటి రక్తపీడనం పట్టీ బిగువును మించిన క్షణాన రక్తం తిరిగి ప్రవహించడం మొదలవుతుంది. అప్పుడు పట్టీలో ఉన్న పీడనాన్నే పై సంఖ్యగా, అంటే సిస్టాలిక్ పీడనంగా లెక్కిస్తారు. ఈ పద్ధతి అంతా ఒక్క ఊహ మీద నిలిచి ఉంది: పట్టీలోని ఒత్తిడి చర్మాన్నీ కొవ్వునూ కండనూ దాటి, ఏమాత్రం తగ్గకుండా ధమని దాకా చేరుతుందన్నదే ఆ ఊహ. జబ్బ లావుకు తగని పట్టీని చుట్టినప్పుడు అది నిజం కాకుండా పోతుంది.

ఈ లోపం పట్టీ పుట్టిన కొద్ది కాలానికే బయటపడింది. 1896లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో స్కిపియోనే రివా-రోచ్చి అనే వైద్యుడు జబ్బకు పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని రూపొందించాడు. అయితే ఆయన వాడిన పట్టీ వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లే కావడంతో కొలతలు ఉన్నదానికంటే ఎక్కువగా వచ్చేవి. 1901లో జర్మన్ వైద్యుడు హైన్రిష్ ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ ఈ సంగతిని నిరూపించి, పట్టీని రెట్టింపు కంటే వెడల్పు చేయాలని సూచించాడు.

పట్టీ వెడల్పుకూ కొలతకూ ఉన్న సంబంధం జబ్బ లోపలి కణజాలంలో ఉంది. పట్టీ నడిభాగం కింద ఒత్తిడి లోతుదాకా నిండుగా దిగుతుంది గానీ, అంచుల దగ్గర మెత్తటి కండ, కొవ్వు పక్కకు ఒరిగిపోవడం వల్ల అది పలచబడుతుంది. అందువల్ల లోపలికి పోయేకొద్దీ పూర్తి ఒత్తిడి అందే ప్రాంతం ఇరుకవుతూ వస్తుంది. జబ్బ లావుగా ఉంటే ధమని లోతున ఉంటుంది కాబట్టి, చిన్న పట్టీతో దాన్ని మూయాలంటే రక్తపీడనానికి మించిన గాలి నింపక తప్పదు, ఆ అదనపు గాలి కూడా రోగి రక్తపోటు కింద జమవుతుంది. సన్నని జబ్బకు పెద్ద పట్టీ చుడితే ధమని ఎక్కువ పొడవున నొక్కుకుపోయి, తక్కువ గాలికే మూసుకుంటుంది కనుక సంఖ్య తగ్గి కనిపిస్తుంది. పట్టీని వదులుగా చుట్టినప్పుడు తిత్తి మధ్యలో ఉబ్బి జబ్బను తాకే వెడల్పు తగ్గుతుంది కాబట్టి, సరైన సైజు పట్టీ కూడా చిన్న పట్టీలాగే పనిచేస్తుంది.

అందుకే తిత్తి వెడల్పు జబ్బ చుట్టుకొలతలో కనీసం 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలని వైద్యులు నియమం పెట్టుకున్నారు. చుట్టుకొలత 30 సెంటీమీటర్లైతే వెడల్పు 12, పొడవు 24 ఉండాలి. 40 సెంటీమీటర్లైతే 16, 32 కావాలి. అయితే లావుగా, పొట్టిగా ఉన్న జబ్బ మీద 16 సెంటీమీటర్ల పట్టీకి చంకకూ మోచేతికీ మధ్య చోటు చాలకపోవచ్చు. పైన లావుగా ఉండి కిందికి సన్నబడే జబ్బకు తిన్నని పట్టీ చుట్టితే పై అంచు బిగిసి కింది అంచు వదులవుతుంది. అలాంటివారి కోసం కిందికి సన్నబడే ఆకారంలోనే కుట్టిన పట్టీలు వచ్చాయి.

ఈ తేడా ఎంత ఉంటుందో అమెరికాలోని బాల్టిమోర్‌లో 195 మంది మీద జరిపి, 2023లో ప్రచురించిన పరిశోధన చూపించింది. అందరికీ మామూలు సైజు పట్టీనే చుట్టి కొలిచినప్పుడు, పెద్ద పట్టీ కావలసినవారిలో పై సంఖ్య పాదరసపు కొలతలో సగటున 4.8 మిల్లీమీటర్లు, అతిపెద్ద పట్టీ కావలసినవారిలో 19.5 మిల్లీమీటర్లు ఎక్కువగా నమోదైంది. చిన్న పట్టీ కావలసినవారిలో 3.6 తగ్గింది. అంటే నిజంగా 120 ఉన్న మనిషి దాదాపు 140తో, మందు మొదలుపెట్టే హద్దుకు చేరినట్టు కనిపించవచ్చు. మందు అవసరమైన బక్కపలచని మనిషి హద్దుకు కిందే ఉన్నట్టు తేలిపోవచ్చు.

ఇళ్లలో వాడే డిజిటల్ యంత్రాలు ఈ చిక్కును తప్పించలేవు. ధమని కొట్టుకున్నప్పుడల్లా పట్టీలోని గాలిలో కలిగే సన్నని ప్రకంపనలను గుర్తించి, అవి గరిష్ఠంగా ఉన్న చోటు ఆధారంగా తయారీదారు నిర్ణయించిన సూత్రంతో పై, కింది సంఖ్యలు రెండింటినీ అంచనా కడతాయి కాబట్టి, ఆ ప్రకంపనలు కూడా కణజాలం గుండానే పట్టీని చేరాలి. వీటితో వచ్చే మామూలు పట్టీలు చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల జబ్బకు తగినవి. ఆ హద్దులు పట్టీ మీదే అచ్చువేసి ఉంటాయి.

కొనేముందు భుజపు ఎముక కొననుంచి మోచేతి కొనకు సరిగ్గా మధ్యన దర్జీ టేపుతో చుట్టుకొలత తీసుకుంటే ఏ సైజు కావాలో తెలిసిపోతుంది. చొక్కా చేతిని మడిచి బిగించకుండా పూర్తిగా తీసేసి, పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండేలా, లోపల రెండు వేళ్లు మాత్రమే దూరేంత బిగువుగా చుట్టాలి. చేతిని గుండె ఎత్తులో బల్లమీద ఆనించాలి. 10 సెంటీమీటర్లు కిందికి జారితే సంఖ్య ఏడెనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఏ పట్టీ సరిపోనప్పుడు వైద్యుడి సలహాతో, ప్రమాణాలకు నిలిచిన మణికట్టు యంత్రాన్ని గుండె ఎత్తులో ఉంచి వాడవచ్చు. మందు మోతాదు మార్చే ముందు వైద్యుడు చూడవలసింది సంఖ్య ఒక్కటే కాదు, అది ఏ సైజు పట్టీతో వచ్చిందన్న సంగతి కూడా.