ఆ సంతకం ఎవరిది? ఖమ్మం టీకా అధ్యయనం అడిగిన ప్రశ్న

2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకాపై ఒక అధ్యయనం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా ఇది. పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ హాస్టళ్లలో చదువుకుంటున్న ఆదివాసీ, దళిత పిల్లలు.

మైనర్లపై పరిశోధన చేయాలంటే తల్లిదండ్రులకో, చట్టబద్ధ సంరక్షకులకో అన్నీ వివరించి అంగీకారం తీసుకోవాలి. ఇక్కడ పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై ఉన్నవి వార్డెన్ల సంతకాలు. మరో 1,948 పత్రాలపై వేలిముద్రలు. వేలిముద్ర వేయడం తప్పు కాదు. వేసిన తల్లికి ఎవరు, ఏ భాషలో, ఏం చెప్పారన్నదే అసలు విషయం.

కొందరు బాలికల మరణాలు బయటికొచ్చాక, మహిళా, ఆరోగ్య సంఘాలు నిలదీశాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం అధ్యయనాన్ని ఆపించింది. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ తేల్చింది. అయితే అంగీకారం తీసుకున్న తీరులో లోపాలున్నాయని కూడా చెప్పింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

నియమాలు కాగితం మీద ఉన్నాయి. మరి వార్డెన్ సంతకం చాలునని ఎందుకు అనిపించింది? నగరంలోని కార్పొరేట్ స్కూలు పిక్నిక్‌కు తీసుకెళ్లాలన్నా ఇంటికి కబురు పంపుతుంది. కూలికి పోయే తల్లిదండ్రుల దగ్గరికొచ్చేసరికి ‘వాళ్లకేం తెలుస్తుంది, మనమే చూసుకుందాం’ అనే పెత్తనం అధికారుల మాటల్లో ఎంత సహజంగా దొర్లుతుందో మనకు తెలుసు. వైద్య నైతికత పుస్తకంలో అందరికీ ఒకటే. ఆచరణలో మాత్రం అది కులం, వర్గం, చదువు మెట్లను బట్టి మారుతుంది.

కాదనే వీలున్నప్పుడే ఔననడానికి అర్థం. తిండి, పడక, చదువు అన్నీ వార్డెన్ చేతిలో ఉన్న పిల్ల కాదనగలదా?

మేము టీకాకు వ్యతిరేకం కాదు. ఈ క్యాన్సర్‌కు ముందస్తు పరీక్షలు అందక ఎక్కువగా బలయ్యేది పేద స్త్రీలే. అందుకే టీకా కావాలి, ప్రశ్నించే హక్కూ కావాలి. రేపు మన హాస్టల్‌కు ఏ అంగీకార పత్రం వచ్చినా నాలుగు సంగతులు అడుగుదాం: ఇది వైద్యమా, పరిశోధనా? ఇంట్లో వాళ్లకు వాళ్ల భాషలో చెప్పారా? వద్దంటే ఏమవుతుంది? తర్వాత ఒంట్లో బాగోకపోతే బాధ్యత ఎవరిది?