తాగుడు మానే వారి మీటింగు

మట్టెవాడలో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటాయన ఏనుమాముల మార్కెట్లో హమాలీ. ఇంటామె బీడీలు చేస్తుంది. పొద్దుగూకితే ఆమెకు గుండె దడ. ఆయన ఎట్లా వస్తాడో తెలియదు. తెల్లారితే మాత్రం ఆయన మంచివాడే. "పిల్లల తోడు, ఇగ ముట్ట" అంటాడు. సాయంత్రానికి ఆ ఒట్టు తీసి గట్టున పెడతాడు.

ఆమె చేయని పని లేదు. కొట్లాడింది. అలిగి తల్లిగారింటికి పోయింది. పైసలు బియ్యం డబ్బాలో దాచింది. ఆయన పనికి పోని నాడు "జరమొచ్చింది" అని మేస్త్రీకి అబద్ధం చెప్పింది. అయినా తాగుడు ఆగలేదు.

దుకాణం మూయిస్తే ఆగుతుందా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా మీద లేచారు. ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ పోరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా బందయింది. 1995 జనవరిలో మొత్తం మద్యం బందు పెట్టారు. 1997లో ఆ బందు ఎత్తేశారు. ఆడవాళ్ళ పోరు చిన్నది కాదు. కాని తాగుడు ముదిరిన మనిషి ఒక దుకాణం మూస్తే ఇంకోటి వెతుకుతాడు. ఏదీ లేకపోతే గుడుంబా వెతుకుతాడు. ఎందుకంటే అప్పటికి తాగుడు అతనికి రోగమయింది. పొద్దున ఒట్టు పెట్టినప్పుడు అతను అబద్ధం చెప్పలేదు. ఒక్కడే ఆ ఒట్టు మీద నిలబడలేకపోయాడు.

1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊరిలో ఇద్దరు కలిశారు. ఒకాయన బిల్ విల్సన్. షేర్ల వ్యాపారం చేసేవాడు. రెండో ఆయన బాబ్ స్మిత్, డాక్టరు. ఇద్దరూ తాగుబోతులే. తాగాలని మనసు లాగినప్పుడు, ఆ బాధ తెలిసిన ఇంకొకరితో మాట్లాడితే ఆ గడియ దాటుతుందని వాళ్ళు కనుక్కున్నారు. అట్లా పుట్టిన సంఘమే ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏ.ఏ. అంటారు. పేరు బయట పెట్టని తాగుబోతుల సంఘం అని అర్థం. మన దేశంలో కూడా ఈ సంఘం ఉంది.

మీటింగులో ఏం జరుగుతుంది? ఒక గదిలో కుర్చీలు వేస్తారు. అక్కడ డాక్టరు ఉండడు, పోలీసు ఉండడు. ఒక్కొక్కరు లేచి పేరు చెప్పి, "నేను తాగుబోతును" అంటారు. తమ కథ చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డు పడరు. నీతులు చెప్పరు. ఫీజు లేదు. ఇష్టమున్నవారు ఖర్చులకు కొంత వేస్తారు. కులం, మతం అడగరు. తాగుడు మానాలనే కోరిక ఉంటే చాలు. జన్మంతా మానమని కూడా అనరు. "ఈ ఒక్కరోజు తాగకు" అంటారు. అక్కడ విన్నది బయట చెప్పరు. మానినాయన మళ్ళీ తాగినా తిరిగి రావచ్చు.

మరి ఆయన రానంటే? ఇంటామె తనకోసం పోవచ్చు. బిల్ భార్య లోయిస్ కథ వినాలి. భర్త తాగిన రోజుల్లో ఆమే ఉద్యోగం చేసి ఇల్లు నడిపింది. ఆయన మానేశాడు. సంతోషించాలి కదా! ఒకనాడు మీటింగుకు తొందరగా రమ్మంటే, కాలి జోడు తీసి విసిరింది. తాగుడు పోయినా తన కోపం పోలేదని అప్పుడు ఆమెకు తెలిసింది. 1951లో ఆమె ఇంకో స్నేహితురాలితో కలిసి ఇంటివాళ్ళ కోసం వేరే సంఘం పెట్టింది. దాని పేరు ఆల్ అనాన్. ఆయన తాగుడు నీవల్ల రాలేదు, నీవు మాన్పలేవు అని అక్కడ చెప్తారు. మేస్త్రీకి అబద్ధాలు చెప్పడం, ఆయన అప్పులు కట్టడం ఆపమంటారు. ఆయన కొడుతుంటే మాత్రం మీటింగు కోసం ఆగవద్దు. 181కి ఫోన్ చేయాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారే మానితే చేతులు వణుకుతాయి. చెమటలు పడతాయి. లేనివి కనబడవచ్చు, ఫిట్స్ రావచ్చు. ప్రాణం పోవచ్చు కూడా. అందుకే ముందు ఎంజీఎం వంటి పెద్దాసుపత్రిలో చూపించాలి. రెండోది ఇంకా ముఖ్యం. కొందరు తాగుడు మాన్పే గోళీని తెలియకుండా కూరలో కలుపుతారు. డాక్టరు రాసి, రోగి తెలిసి మింగాల్సిన గోళీ అది. అది కడుపులో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఎంత విసిగినా ఆ పని చేయవద్దు.

మీటింగు ఎక్కడో ఎట్లా తెలుస్తుంది? ఆసుపత్రిలో మానసిక వైద్యం చేసే డాక్టర్లను అడగాలి. 14446కు ఫోన్ చేయాలి. తాగుడు, మత్తు మాన్పే సలహా కోసం సర్కారు పెట్టిన నంబరు అది. పైసలు పడవు. "ఏ.ఏ. మీటింగు ఎక్కడ? ఏ వారం? ఎన్ని గంటలకు? ఇంటివాళ్ళు రావచ్చా?" అని అడిగి నోటు పుస్తకంలో రాసుకోవాలి. కొన్ని మీటింగులకు అందరినీ రానిస్తారు. కొన్ని తాగుడు మానాలనుకునే వారికే. స్థలం మారుతుంది, కాబట్టి పోయే ముందు ఇంకోసారి అడగడం మంచిది.

ఆయనను తాగి ఉన్నప్పుడు పిలవవద్దు. తెల్లారి, ఒట్టు పెట్టే వేళ చెప్పాలి. "ఒక్కనాడు పోయి విందాం" అనాలి, అంతే. మొదటి రోజు ఆయన వెనక కుర్చీలో కూర్చుంటాడు. ఒక్క మాట మాట్లాడడు. చాయ్ తాగి వచ్చేస్తాడు. అది కూడా మీటింగుకు పోయినట్టే.