మారిషసు దీవిలో నల్లరాళ్ళు

మారిషసుకు పోయివచ్చినవారు సాధారణముగా సముద్రమును గూర్చియే చెప్పుదురు. లోతులేని యా నీలిజలములను, తెల్లని యిసుకను, తీరమునకు దవ్వుగా దీవిని మొలనూలువలె చుట్టియున్న పగడపు దిబ్బను వర్ణించి యంతటితో ముగింతురు. నాలుగు దినముల ప్రయాణమునకే పోయిన నేనును అట్లే ముగింపవలసినవాడనే. కాని విమానాశ్రయమునుండి బయలుదేరిన కారు చెరకుతోటల నడుమ ప్రవేశించినది మొదలు, నిలువెత్తు పైరు మధ్య గోపురములవలె పేర్చిన నల్లరాళ్ళ గుట్టలు ఒకదానివెంట నొకటిగా కనబడుచుండుటచే, నా చూపు వానియందే తగులుకొనెను.

అవి యేనాటి కట్టడములని యడిగితిని. కారు నడుపుచున్న పెద్దమనిషి నవ్వి, అవి కట్టడములు కావనియు, చెరకు నాటుటకై పొలమునుండి యేరి పోసిన రాళ్ళనియు, అట్లు మోసినవారిలో తన పూర్వులును గలరనియు చెప్పి, నేనడుగకయే కారు నాపెను. దిగి యొక రాతిని చేత బట్టి చూచితిని. నల్లగా, గరుకుగా, పెనముమీది యట్టుకు పడునట్టి చిల్లులతో నిండియున్నది. కరగిన రాయి భూగర్భమునుండి వెలికుబికి చల్లారునపుడు అందిమిడియున్న వాయువులు పొంగి వెలువడిన జాడలవి. అట్టు చిల్లులకును కారణ మించుమించుగ నిదియే కనుక, పోలిక వంటయింటిదైనను శాస్త్రమునకు విరుద్ధము కాదు.

దీవి యంతయు నిట్టి రాతితో నేర్పడినదే. సుమారు 1,865 చదరపు కిలోమీటర్ల యీ నేల, దాదాపు 80 లక్షల సంవత్సరముల క్రిందట సముద్రగర్భమునుండి తలయెత్తిన యొక అగ్నిపర్వతము. దాని నడిభాగము కాలక్రమమున క్రుంగిపోగా మిగిలిన యంచులే నేటి కొండలు. రాజధానియైన పోర్ట్ లూయీ వెనుక బొటనవ్రేలివలె నిక్కియున్న ల పూస్ శిఖరము అందొకటి. 1836లో బీగిల్ నౌకపై వచ్చిన చార్లెస్ డార్విన్ దాని నెక్కెను. మొదటి పర్వతము చల్లారిన పిదప సైతము చిన్న చిన్న ముఖములనుండి రాతిద్రవము పలుమారులు పొంగి నడిమి పీఠభూమిని కప్పినది. క్యూర్‌పిప్ పట్టణమున ఇండ్ల నడుమనే యున్న త్రూ ఓ సెర్ఫ్ అట్టి ముఖములలో నొకటి. దాదాపు 300 మీటర్ల వెడల్పును 80 మీటర్ల లోతును గల యా గుంట యిప్పుడు చెట్లతో నిండి, అడుగున బురదనీరు నిలిచి, దాని యంచున వాహ్యాళి సల్పు పట్టణవాసులకు నెలవైనది. నిజము చెప్పవలెనన్న, దానిని చూచి నిప్పు నూహించుకొనుట కష్టము.

అట్టి మరియొక ముఖమున నీరు నిలిచి సరస్సయినది. దాని పేరు గంగాతలావ్. 1897లో ఒక పూజారి ఈ నీరు గంగతో గలసియున్నట్లు కలగనెనని ప్రతీతి. 1972లో హిమాలయమునందలి గోముఖమునుండి గంగాజలమును దెచ్చి యిందు కలిపిరి. మహాశివరాత్రికి దీవి నలుమూలలనుండి జనులు కావళ్ళు భుజమున బెట్టుకొని కాలినడకన లక్షలాదిగా వత్తురు. నేను పోయినపుడు రద్దీ లేదు. మంచు నీటిని తాకుచు కదలుచుండెను, ఒక ముసలమ్మ మెట్లపై కర్పూరము వెలిగించి గాలికి చేయి యడ్డము పెట్టియుండెను. నొసట నగ్నిని, శిరమున గంగను దాల్చిన దేవునికి, నిప్పు వెడలిన బిలమున నీరు నిలిచిన యిట్టి తావు కంటె తగిన నివాసము మరియొకటి దొరకదు.

నైరృతిదిశనున్న షమరెల్ గ్రామమున 'ఏడు రంగుల నేల' కలదు. పేరు విని విశాలమైన మైదానము నూహించితిని. తీరా చూడగా అది అడవి నడుమ పచ్చగడ్డి మొలవని చిన్న చిన్న మిట్టల గుంపు మాత్రమే. కాని యా మిట్టలపై ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు వన్నెలు, తిరునాళ్ళలో కుంకుమయు పసుపును బుక్కాయు రాశులుగా బోసినట్లు, అలలు దీరియున్నవి. ఏడని లెక్కించుటకు యత్నించి నేనైదింటితో నాగిపోతిని. ఇదియు ఆ నల్లరాయియే. వేడిమికిని వానకును రాయి శిథిలమై మట్టికాగా, నీట కరగు పదార్థములు కొట్టుకొనిపోయి, ఇనుము, అల్యూమినియము మిగిలినవి. ఇనుము ఎరుపునకు, అల్యూమినియము నీలి, ఊదాఛాయలకు హేతువని చెప్పుదురు. పూర్వము జనులు దానిపై నడచెడివారు; ఇప్పుడు చుట్టును కొయ్యకంచె కట్టినారు. అది మంచి పనియే. దుకాణమున ఆ మన్ను నింపిన చిన్న గాజుగొట్టములు అమ్ముదురు.

దక్షిణమున సూయాక్ చెంత గ్రీ గ్రీ యను చోట పగడపు దిబ్బ తెగిపోవుటచే అలలు సూటిగా వచ్చి నల్లని దరిని మోదుచున్నవి. అచట స్నానమునకు దిగరాదు, నిలిచి వినదగును.

ఈ దీవిని లేపిన నిప్పు మనకు క్రొత్తది కాదు. భూగర్భమున నొక తప్తస్థానము ఉన్నచోటనే యుండగా, పొయ్యిమీద పెనము జరిపినట్లు భూఫలకములు దానిపైగా జరుగుచుండునని భూతత్త్వవేత్తల మతము. సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట మన దేశము దానిపై నున్నప్పుడు పొంగి పరచుకొనిన రాతిద్రవమే దక్కను పీఠభూమియందలి నల్లరాతి పొరలు. వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతములలోని నల్లరేగడికి మూల మా రాయియే. అందు కొంత లోయలవెంట బహుదూరము పారి రాజమహేంద్రవరము చెంతనున్న కాతేరు, పంగిడి వరకు వచ్చి గడ్డకట్టెను. మన దేశ ముత్తరమునకు జరిగిపోగా, ఆ నిప్పే మాల్దీవుల పునాదులను వేసి, పిమ్మట మారిషసును లేపి, నేడు ఇచటికి సుమారు 200 కిలోమీటర్ల దూరముననున్న రెయూనియన్ దీవిలో మండుచున్నది.

ఆ రాజమహేంద్రవరము ప్రక్కగా పారు గోదావరియే సముద్రమున గలియు చోట కోరంగి రేవు ఉండెను. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ రేవున నోడలెక్కి వచ్చిన తెలుగు కూలీలకు మారిషసులో 'కొరింగీ'లని పేరు. 1834 మొదలు 1920 వరకు భారతదేశమునుండి వచ్చిన దాదాపు 5 లక్షల మంది కూలీలలో వీరొక భాగము. పోర్ట్ లూయీలో వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వస్థలముల జాబితాకెక్కెను. దాని మెట్లును నల్లరాతివే. తమ గోదావరిగట్టున గల రాతికి తోబుట్టువైన రాతినే సముద్రము దాటివచ్చి మోయవలసివచ్చెనని వారెరుగరు. మా కారు నడిపిన పెద్దమనిషి వారి సంతతివాడు. ఆయన యింటి భాష క్రెయోల్, తెలుగున మాటాడలేడు. అయినను రామభజన, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న యను మాటలను మాత్రము విశాఖపట్టణపు వానివలెనే పలికెను. ఉగాదినాడు ఆ దేశమంతటను సెలవు.

చెరకు కోతకు యంత్రములు వచ్చినది మొదలు రాళ్ళు వానికి అడ్డగుచున్నవని పొలములలోని గుట్టలను పడగొట్టి, రాతిని పిండిచేసి రోడ్లకును కట్టడములకును వాడుచున్నారు. పోదలచిన తెలుగువారు సముద్రపుటొడ్డున గడుపు కాలములో నొక పూటను మిగిల్చి, చెరకుతోటల నడుమ కారు నాపించి, మిగిలియున్న గుట్టలలో నొకదానినైనను చూచిరండు.