అడవికి వెళ్ళేముందు ఆరు వారాలు

కాకినాడ నుంచి ఒక తల్లి రాశారు: "మా అబ్బాయి కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి బోర్నియో దీవిలోని సబా అడవుల్లో వారం రోజులు 'అడవిలో బతికే శిక్షణ'కు పేరు ఇచ్చాడట. వయసు 27. చిన్నతనంలో ఉబ్బసం ఉండేది. చలికాలంలో ఇప్పటికీ అప్పుడప్పుడు ఆయాసం వస్తుంది. ఇంకా ఆరు వారాల గడువుంది. పంపమంటారా, వద్దంటారా?"

పంపవచ్చునమ్మా. అయితే ఈ ఆరు వారాలనూ అతను వృథా చేయకూడదు. అలాంటి శిక్షణలో చెట్ల మధ్య గుడ్డ ఉయ్యాల కట్టుకుని పడుకోవడం, తడి కట్టెలతో నిప్పు రాజెయ్యడం, వాగునీటిని తాగేందుకు పనికివచ్చేలా చేసుకోవడం, దారి తప్పితే దిక్కు తెలుసుకోవడం నేర్పుతారు. ఇవన్నీ అక్కడికి వెళ్ళాక గురువు నేర్పుతాడు. కాని ఒంటిని సిద్ధం చేసుకోవడం మాత్రం ఇంటి దగ్గరే జరగాలి. దాన్ని అడవిలో ఎవరూ నేర్పలేరు.

పులి కాదు, నీరు

అడవి అనగానే మనవాళ్ళకు పాములూ, క్రూరమృగాలూ కళ్ళముందు కదులుతాయి. అసలు ప్రమాదం ఎక్కడుందో తెలియాలంటే 2000 సంవత్సరంలో ఆ సబాలోనే జరిగిన సంగతి వినండి. ఆ ఆగస్టులో అక్కడ ఒక పెద్ద సాహస పందెం జరిగింది. అనేక దేశాల నుంచి 304 మంది పాల్గొన్నారు. అడవిలో నడవడం, నదిలో ఈదడం, పడవలు నడపడం వారి పని. అందరూ కండపుష్టి గల క్రీడాకారులు. పందెం ముగిసి ఎవరి దేశానికి వారు చేరుకున్నాక ఒక్కొక్కరికే జ్వరం, చలి, తలనొప్పి, కండరాల నొప్పులు మొదలయ్యాయి. ఆరోగ్యశాఖవారు 189 మందిని విచారిస్తే, వారిలో 80 మందికి జబ్బు చేసినట్టు తేలింది. 29 మంది ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు.

ఆ జబ్బు పేరు లెప్టోస్పైరోసిస్. మన పల్లెల్లో వరిచేలల్లో పనిచేసేవారికి వచ్చే ఎలుక జ్వరం ఇదే. ఎలుకల, ఇతర జంతువుల మూత్రంతో ఈ సూక్ష్మజీవులు నీటిలోనూ బురదలోనూ కలుస్తాయి. చర్మం మీది చిన్న గీత ద్వారా, కంటి ద్వారా, నోటి ద్వారా మనిషిలో ప్రవేశిస్తాయి. పందెంలో సెగామా అనే నదిలో ఈదినవారికే ఈ ప్రమాదం ఎక్కువగా కలిగిందని విచారణలో తెలిసింది. ఎంతటి వ్యాయామవీరుడైనా ముందు జాగ్రత్త లేకపోతే సూక్ష్మజీవికి లోకువే!

మొదట డాక్టరు దగ్గరికి

ఆరు వారాల ముందే వైద్యపరీక్ష చేయించుకోవాలి. గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవారు, మధుమేహం, రక్తపుపోటు అదుపులో లేనివారు డాక్టరు అనుమతి లేకుండా ఇలాంటి శిక్షణకు వెళ్ళకూడదు. గర్భిణులు అసలే వెళ్ళకూడదు. పంటినొప్పి ఉంటే ముందే వైద్యం చేయించుకోవాలి. అడవిలో పన్ను సలిపితే రాత్రంతా నరకమే.

ఇక మీ అబ్బాయి ఉబ్బసం సంగతి. ఇటీవల ఆయాసం ఎప్పుడు వచ్చింది, రాత్రిళ్ళు నిద్రలేచి కూర్చోవలసి వస్తున్నదా, పీల్చేమందు వారానికి ఎన్నిసార్లు వాడుతున్నాడు - ఈ మూడూ డాక్టరుకు చెప్పాలి. అదుపులో ఉంటే వెళ్ళవచ్చు. తడి కట్టెల పొగ ఉబ్బసాన్ని రేపుతుంది కనుక నిప్పు రాజేసేటప్పుడు గాలికి ఎదురుగా, పొగ తగలని వైపు కూర్చోవాలి. పీల్చేమందు సీసాలు రెండు తీసుకెళ్ళాలి. రెండూ ఒకే సంచిలో పెట్టకూడదు. నీరు చొరని పొట్లాల్లో వేసి ఒకటి ఒంటిమీద, ఇంకొకటి మూటలో ఉంచుకోవాలి. తనకు ఉబ్బసం ఉందన్న విషయం శిక్షకునికీ, జట్టులో పక్కవారికీ చెప్పాలి. నామోషీ అని దాచిపెడితే ప్రాణం మీదికి వస్తుంది.

సూదిమందులు

ధనుర్వాతం సూదిమందు తీసుకుని పదేళ్ళు దాటితే మళ్ళీ తీసుకోవాలి. టైఫాయిడ్ సూదిమందు కనీసం రెండు వారాల ముందు పడాలి. కలుషిత ఆహారం వల్ల వచ్చే కామెర్లకు, అంటే హెపటైటిస్-ఎకు, టీకా ఉంది. మెదడువాపు వ్యాధి మన తెలుగువారికి పరిచయమే. బోర్నియోలో కూడా అది ఉంది. దాని టీకా రెండు మోతాదుల మధ్య సాధారణంగా 28 రోజుల ఎడం కావాలి. ఆరు వారాల ముందే మొదలుపెట్టమనడం అందుకే!

సబాకు పొరుగున ఉన్న సరవాక్‌లో 2017లో రేబిస్ వ్యాధి బయటపడింది. ఆస్పత్రికి దూరంగా ఉండేవారు ముందుగానే ఈ టీకా తీసుకోవడం మేలు. వారం ఎడంతో రెండు మోతాదులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అయితే ఒక సంగతి మరవకూడదు. ముందు టీకా వేయించుకున్నా సరే, కుక్కో కోతో కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో పావుగంటసేపు కడిగి, ఆస్పత్రికి పోయి మళ్ళీ సూదిమందు తీసుకోవలసిందే.

దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులకో, మధ్య ఆఫ్రికా అడవులకో పోయేవారికి పచ్చజ్వరం టీకా కూడా అవసరం. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేకుండా ఆ దేశాల నుంచి మన దేశానికి తిరిగివస్తే విమానాశ్రయం నుంచి నేరుగా ఏకాంతవాసానికి పంపవచ్చు. బోర్నియోలో పచ్చజ్వరం లేదు.

కోతి నుంచి వచ్చే మలేరియా

దోమ వల్ల మలేరియా వస్తుందన్న రహస్యాన్ని 1897లో రొనాల్డ్ రాస్ మన సికిందరాబాదులో ఛేదించాడు. సబా అడవుల్లో ఉన్నది మనకు అంతగా తెలియని మలేరియా. అది కోతులలో ఉండే రకం. అడవిదోమ కోతిని కుట్టి, ఆ తర్వాత మనిషిని కుడితే సోకుతుంది. ఈ క్రిమి కోతినుంచి మనిషికి ఎక్కగలదని 1932లోనే కలకత్తాలో పరిశోధకులు చూపించారు. మలేషియా ఎంతో కృషి చేసి మనుషుల మధ్య తిరిగే మలేరియాను అణచివేసింది. 2018లో స్థానికంగా అలాంటి కేసు ఒక్కటి కూడా రాలేదు. కాని కోతుల మలేరియా మిగిలింది. ఈ క్రిమి 24 గంటలకొకసారి రక్తంలో వృద్ధి చెందుతుంది కనుక జబ్బు త్వరగా ముదురుతుంది. ఒకటి రెండు రోజులు చూద్దాములే అని ఊరుకోవడానికి వీలులేదు.

దీనికి ముందుజాగ్రత్త మాత్రలున్నాయి. డాక్సీసైక్లిన్ అనే మాత్ర ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అడవిలో ఉన్నన్నాళ్ళూ రోజూ వేసుకుని, బయటికి వచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. చాలామంది ఇంటికి రాగానే మానేస్తారు. అది పొరపాటు. ఈ మాత్రను భోజనం చేశాక నిండు గ్లాసు నీటితో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకోకూడదు. ఎండకు చర్మం త్వరగా కమిలే అవకాశం ఉంది. ముందు చెప్పిన పందెంలో ఈ మాత్ర వాడినవారిలో ఎలుక జ్వరం కూడా తక్కువగా కనిపించింది. అందరికీ ఇది సరిపడదు కనుక డాక్టరు రాసిస్తేనే వాడాలి. మాత్ర వేసుకున్నాం కదా అని దోమతెర మానకూడదు. సాయంకాలం కాకముందే పొడవు చేతుల చొక్కా, పొడవు లాగు తొడుక్కుని, బయటికి కనిపించే చర్మానికి దోమలమందు రాసుకోవాలి.

ఉక్కకు అలవాటు పడాలి

"మాకు రెంటచింతల ఎండలే లెక్కలేదు, అడవి నీడ ఒక లెక్కా?" అంటారేమో! మన ఎండ పొడి ఎండ. చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. వర్షారణ్యంలో గాలి నిండా తేమే. చెమట కారుతుంది కాని ఆరదు. ఒంట్లోని వేడి బయటికి పోదు. పైగా పగలంతా ఏ.సి. గదిలో కూర్చునే ఉద్యోగికి ఏ ఎండా అలవాటు ఉండదు.

ఒళ్ళు ఉక్కకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి నాలుగు వారాలూ రోజూ గంటసేపు నడక, మెట్లు ఎక్కడం చెయ్యాలి. వీపుమీద 5 కిలోల మూటతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచాలి. కడపటి రెండు వారాలూ ఏ.సి. కట్టేసి, ఉక్కగా ఉండే వేళలోనే నడవాలి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా ఆగిపోవాలి.

చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు - చెంచా తలకొట్టి కొలవాలి - కలిపితే ఇంట్లోనే ద్రావణం తయారవుతుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు తీసుకెళ్ళడం ఇంకా సులువు. దాహాన్ని మించి ఉత్త నీళ్ళే గటగటా తాగడం కూడా ప్రమాదమే. ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఉంటే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీటితో తడిపి, విసురుతూ సహాయం కోసం పంపాలి.

వాగునీరు ఎంత తేటగా కనిపించినా మరిగించకుండా తాగకూడదు. బురదనీరైతే గుడ్డతో వడగట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం కాగనివ్వాలి.

పాదాలు, దెబ్బలు, కాట్లు

అడవిలో పాదాలు రోజంతా తడిలోనే ఉంటాయి. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని, చిట్లి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితి వస్తుంది. దీనికి మార్గం ఒకటే. రెండు జతల బట్టలు పెట్టుకోవాలి. తడిది పగటికి, పొడిది రాత్రికి. రాత్రి పాదాలు తుడిచి, పౌడరు చల్లి, పొడి మేజోళ్ళు వేసుకోవాలి. పొద్దున్నే మళ్ళీ ఆ తడి బట్టలే తొడుక్కోవాలి! ఎంత చిరాకు పుట్టినా పొడి జతను పగలు ముట్టుకోకూడదు. కొత్త బూట్లు వేసుకుని అడవికి వెళ్ళేవాడు బొబ్బలతో తిరిగివస్తాడు. ఆరు వారాలూ ఆ బూట్లతోనే నడవాలి.

జలగ పడితే పీకవద్దు, కాల్చవద్దు. గోటిని చర్మానికి ఆనించి దాని నోటి కిందకు జరిపితే ఊడిపోతుంది. నెత్తురు కొంతసేపు ఆగదు. భయపడక కడిగి, గుడ్డతో అదిమి పట్టాలి.

మచ్చుకత్తి వాడేటప్పుడు చేయి చాచినంత దూరంలో ఎవరూ ఉండకూడదు. పడక కట్టేముందు తలెత్తి చూడాలి. పైన ఎండుకొమ్మ ఉంటే ఆ చోటు వద్దు. ఎంత చిన్న గీత పడినా వెంటనే కడిగి, మందు రాసి, కట్టు కట్టాలి. దీనికొక ఉదాహరణ పెరూ దేశంలో ఉంది. 1971 డిసెంబరు 24న అమెజాన్ అడవిపైన విమానం కూలి, 92 మందిలో జులియానె కేప్కె అనే 17 ఏళ్ళ అమ్మాయి ఒక్కతే బతికింది. అడవిలో పరిశోధన చేసే తల్లిదండ్రుల దగ్గర పెరిగింది కనుక, వాగు వెంట నడిస్తే మనుషులున్న చోటికి చేరవచ్చునని ఆమెకు తెలుసు. 11 రోజులకు బయటపడింది. అప్పటికి చేతిమీది గాయంలో పురుగులు పడ్డాయి. అక్కడి తడిలో గాయం అంత త్వరగా చెడుతుంది.

పాము కరిస్తే కొయ్యవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కరిచిన కాలును కదలకుండా బద్దకట్టు కట్టి, మనిషిని నడిపించక మోసుకుపోవాలి. మన దేశపు విషానికి విరుగుడు మందు మన పాములకోసం చేసినది. దాన్ని మూటగట్టుకుపోయి లాభంలేదు.

డబ్బు కట్టేముందు

నిర్వాహకులను నాలుగు ప్రశ్నలు అడగమనండి. ప్రథమచికిత్స తెలిసినవారు జట్టులో ఎంతమంది? టెలిఫోను అందని చోట కబురు ఎలా పంపుతారు? దగ్గరి ఆస్పత్రికి ఎన్ని గంటల ప్రయాణం? రోగిని తరలించే ఖర్చు భీమాలో ఉందా? సూటిగా జవాబు రాకపోతే ఆ శిక్షణ మానుకోవడం శ్రేయస్కరం.

తిరిగి వచ్చాక

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎలుక జ్వరం సాధారణంగా ఒకటి రెండు వారాల్లోనూ, ఒక్కొక్కప్పుడు నెల రోజులకూ బయటపడుతుంది. మలేరియా అంతకంటే ఆలస్యంగా కూడా రావచ్చు. అప్పటికి మనిషి ఆఫీసులోనో, సెలవుమీద మీ ఇంట్లోనో ఉంటాడు. జ్వరం తగిలితే జలుబు అనుకుని మాత్ర మింగి పడుకుంటాడు. డాక్టరుకు కూడా అడవి సంగతి తెలియదు కనుక ఫ్లూ జ్వరమని మందు ఇస్తాడు. రెండు మూడు రోజులు వృథా అవుతాయి. ఆ రోజులే ప్రాణానికి విలువైనవి.

అందుచేత మీ అబ్బాయి చేత ఒక చిన్న కాగితం రాయించండి. ఏ అడవిలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నాడు, ఏ నదిలో దిగాడు, ఏ మాత్రలు వాడాడు, ఏ టీకాలు పడ్డాయి - ఇంతే. ఒక ప్రతి అతని పర్సులో, ఒక ప్రతి మీ దగ్గర ఉండాలి. తిరిగివచ్చిన ఏడాదిలోగా ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళి, ముందు ఆ కాగితం చూపించి, మలేరియాకూ ఎలుక జ్వరానికీ రక్తపరీక్ష చేయమని అడగాలి.